టికెట్టు కొనే ముందు అడగండి: ఆ అడవిలోకి మిమ్మల్ని పిలిచింది ఎవరు?

కార్తీకమాసం వచ్చిందంటే చాలు, మన ఫోన్లలో ఈ పోస్టర్లు మొదలవుతాయి. "ఒక్కరోజు నల్లమల యాత్ర. తెల్లారేసరికి మార్కాపురంలో బయలుదేరి రాత్రికి ఇంటికి. జలపాతం, గుహలు, అడవి సఫారీ, చెంచుగూడెం సందర్శన. టిఫినూ భోజనమూ మావే." దాని కింద మూడు బొమ్మలు: ఒక జలపాతం, ఒక పెద్దపులి, విల్లంబులు పట్టుకున్న ఒక చెంచు ముసలాయన. మూడూ ఒకే సైజులో. మూడూ చూడాల్సిన వస్తువులే అన్నట్టు.

మీరేం చేస్తారో మాకు తెలుసు. మేమూ అదే చేస్తాం. రెండు మూడు పోస్టర్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. బస్సు ఏసీదా, మామూలుదా? ముందు సీట్లు దొరుకుతాయా? పిల్లలకు అర టికెట్టేనా? మధ్యాహ్నం భోజనం ఎక్కడ? వంద రూపాయలు తగ్గిస్తారా? ఇంట్లో అరగంట చర్చ జరుగుతుంది. చివరికి ఎవరు ఎక్కువ చోట్లు చూపిస్తామన్నారో వాళ్ల బస్సు ఖాయం అవుతుంది.

ఇన్ని అడిగిన మనం ఒక్కటి మాత్రం అడగం. ఆ అడవిలోకి మమ్మల్ని ఎవరు పిలిచారు? అక్కడ ఉండేవాళ్లను అడిగే ఈ టికెట్టు అమ్ముతున్నారా?

ఆ ప్రశ్న అడగమని చెప్పడానికే ఇది రాస్తున్నాం. రావద్దని కాదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం వాళ్లకు నల్లమల పరాయిది కాదు. శివరాత్రికి కాలినడకన శ్రీశైలం పోయిన తాతలు మనందరి ఇళ్లల్లో ఉన్నారు. ఆ తాతలకు దారి చూపించింది ఎవరు? అడవిలో నీళ్లు ఎక్కడున్నాయో చెప్పింది ఎవరు? చెంచులు. మల్లన్నను చెంచు మల్లయ్య అని పిలుచుకునే, మా ఇంటి అల్లుడని చెప్పుకునే మనుషులు. అప్పుడు ఆ దారిలో వాళ్లు ముందు నడిచారు, మనం వెనక నడిచాం. ఇప్పుడు మనం బస్సు కిటికీలో ఉన్నాం, వాళ్లు రోడ్డు పక్కన నిలబడ్డారు. ఇది ఎట్లా మారిందో చూడండి.

ముందు బస్సు సంగతే మాట్లాడుకుందాం

పశ్చిమ ప్రకాశంలో చూడదగ్గవి చాలానే ఉన్నాయి. కానీ అవన్నీ ఒకచోట లేవు. సీఎస్ పురం వైపు భైరవకోన ఉంది. కొండను తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు, పైనుంచి దూకే జలపాతం. రాచర్ల వైపు నుంచి అడవిలోకి పోతే నెమలిగుండ్ల రంగస్వామి. గుండ్లకమ్మ నల్లమల కొండల నుంచి దిగివచ్చే చోటు. శనివారం శనివారం జనం పోతుంటారు. అదే గుండ్లకమ్మ మీద కంభం చెరువు, విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునేది. ఉత్తరాన దోర్నాల దాటి శ్రీశైలం రోడ్డెక్కితే తుమ్మలబైలు సఫారీ. ఇంకా లోపలికి, బస్సు పోలేని చోట, జీపులో ఎగిరెగిరి పడుతూ పోవాల్సిన ఇష్టకామేశ్వరి.

భైరవకోన నుంచి దోర్నాలకు నూరు కిలోమీటర్లు పైమాటే. ఈ చివరా ఆ చివరా ఒక్కరోజులో చూపిస్తామన్నవాడు మీకు చూపించేది బస్సు సీటు. పైగా దోర్నాల–శ్రీశైలం ఘాట్ రోడ్డును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. జంతువులు రోడ్డు దాటే వేళ అది. మంచి నియమమే. కానీ నాలుగు చోట్లు తిప్పి గేటు పడేలోపు బయటపడాలనుకునే డ్రైవరు ఆ మలుపుల్లో ఎట్లా తోలతాడో ఆలోచించండి. కోతికి, జింకకు, నడిచిపోయే మనిషికి, బస్సులో ఉన్న మీ పిల్లలకు, అందరికీ ఆ తొందరే ప్రమాదం.

ఇంకో సంగతి. నాలుగు చోట్లు తిరిగే బస్సు గూడెం దగ్గర ఎంతసేపు ఆగుతుంది? పావుగంట. పావుగంటలో ఎవరితోనైనా మాట్లాడగలమా? ఫోటో తీసుకోగలం. అంతే. "చెంచుగూడెం సందర్శన" అంటే అసలు అర్థం అదే.

పావుగంట ఫోటో

బస్సు ఆగుతుంది. నలభై మంది దిగుతారు. ఫోన్లు బయటికి వస్తాయి. పిల్లలకు చాక్లెట్లు, బిస్కెట్లు పంచుతారు. పంచుతున్నప్పుడు కూడా ఫోటోనే. ఎవరో ఒకరు తలుపు తెరిచి ఉన్న ఇంట్లోకి తొంగి చూస్తారు. ఎవరో ఒకరు ముసలాయన్ను విల్లు పట్టుకోమంటారు. పది రూపాయలు చేతిలో పెడతారు. ఎక్కి వెళ్లిపోతారు. వెనక నీళ్ల బాటిళ్లు, ప్లాస్టిక్ ప్లేట్లు.

ఒక గూడెంలో ఒక పెద్దమ్మ మమ్మల్ని అడిగింది: "మేం సంతకు వొస్తే మా ఫోటో ఎవురూ తీయరు గదయ్యా. ఈడికొచ్చి ఎందుకు తీస్తారు?"

జవాబు చెప్పండి చూద్దాం. మార్కాపురంలో మన వీధిలోకి ఒక బస్సు వచ్చి, నలభై మంది దిగి, మన అమ్మ అంట్లు తోముతుంటే ఫోటో తీసుకుని, మన పిల్లాడి చేతిలో చాక్లెట్టు పెట్టి పోతే ఊరుకుంటామా? ఎవర్రా మీరు అని అడగమా?

ఇది మన దగ్గరే జరిగేది కాదు. అండమాన్‌లో జారవాల అడవి మధ్యలోంచి పోయే రోడ్డు ఉంది. పర్యాటకుల కోసం జారవా ఆడపిల్లల చేత డాన్సు చేయించిన వీడియో 2012 జనవరిలో బయటపడింది. ప్రపంచమంతా దాన్ని "మానవ సఫారీ" అని ఛీకొట్టింది. తిండి చూపించి మనిషిని ఆడించడం ఏమిటని మనమూ తిట్టాం. చెంచులు జారవాలలాగా బయటి లోకానికి దూరంగా లేరు. వాళ్ల పిల్లలు చదువుతున్నారు, వాళ్లకూ ఫోన్లున్నాయి. ఆ బస్సు ఫోటోలు వాళ్లూ చూస్తారు. వాటి కింద మనం రాసే "అమాయకులు", "ఆదిమానవులు" అనే మాటలూ చదువుతారు. పాపం అమాయకులని మనం అనుకుంటున్నది, మనల్ని చదువుతున్న మనుషుల గురించి.

టికెట్టు ఉన్నోడికి గేటు, పుట్టినోడికి ప్రశ్న

చెక్‌పోస్టు దగ్గర మీ బండికి రుసుము కట్టి రశీదు తీసుకుంటారు. గేటు లేస్తుంది. అదే దారిలో తేనె డబ్బాతోనో, బంక మూటతోనో, చేతిలో గొడ్డలితోనో చెంచు కనబడితే? యాడికి? ఎందుకు? ఎవరిచ్చారు అనుమతి?

చట్టం ఏం చెప్తోంది? 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) ప్రకారం చిన్నతరహా అటవీ ఉత్పత్తులు సేకరించుకునే, అమ్ముకునే హక్కు వాళ్లది. యాజమాన్య హక్కు అని స్పష్టంగా రాసి ఉంది. 3(1)(ఇ) ప్రకారం చెంచుల లాంటి పీవీటీజీ తెగలకు మొత్తం ఆవాసం మీద, అంటే వాళ్లు తిరిగే కొండలు, వాగులు, దేవుళ్ల చోట్లు అన్నింటి మీద సామూహిక హక్కు ఉంది. 3(1)(ఐ) ప్రకారం ఆ అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కూ వాళ్లదే. ఇది పులుల అభయారణ్యాలకు వర్తించదని ఎవరైనా అంటే నమ్మకండి. నేషనల్ పార్కులు, అభయారణ్యాలతో సహా అన్ని అడవులకూ వర్తిస్తుందని ఆ చట్టంలోనే ఉంది. కర్ణాటకలో బీఆర్‌టీ పులుల అడవిలో సోలిగలకు 2011లోనే సామూహిక అటవీ హక్కుల పత్రాలు ఇచ్చారు.

మనోళ్లకు ఇంకో చిక్కు ఉంది. చాలామందికి తెలియదు. ప్రకాశం వైపు నల్లమల చెంచుగూడేలు ఐదో షెడ్యూల్ ప్రాంతంలో లేవు. అరకులో, రంపచోడవరంలో పనికొచ్చే 1/70 చట్టం ఇక్కడ పనికిరాదు. పెసా చట్టం వర్తించదు. గనుల విషయంలో గిరిజనుల పక్షాన నిలబడ్డ 1997 సమత తీర్పు షెడ్యూల్డ్ ప్రాంతాల గురించి. ఇక్కడి చెంచుకు గట్టిగా మిగిలిన ఆయుధం అటవీ హక్కుల చట్టం, అందులోని గ్రామసభ. ఆ గ్రామసభను అడగకుండా ఒక సఫారీ దారి, ఒక కాటేజీ, ఒక పార్కింగ్ వచ్చిందంటే, వాళ్ల చేతిలో ఉన్న ఒక్క కర్రనూ లాక్కున్నట్టే.

అదే చట్టం సెక్షన్ 3(2) తీసి చదవండి. అటవీ భూమిని ఊరి అవసరాలకు వాడుకోవడానికి 13 రకాల పనుల జాబితా ఉంది. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, కరెంటు లైను, తాగునీటి పైపు, చెరువు, రోడ్డు... ఒక్కోదానికి హెక్టారుకు లోపు, అదీ గ్రామసభ సిఫారసు ఉంటేనే. ఆ పదమూడింటిలో రిసార్టు లేదు. సఫారీ లేదు. వ్యూ పాయింటు లేదు.

మరి ఏం జరిగింది? 2023లో అటవీ సంరక్షణ చట్టాన్ని సవరించారు. అనుమతి పొందిన ప్రణాళికల్లో ఉన్న ఎకో టూరిజం సదుపాయాలు, రక్షిత ప్రాంతాల బయటి ప్రభుత్వ జూలు, సఫారీలు ఇక "అటవీయేతర పనులు" కావన్నారు. అర్థమైందా? సఫారీ జీపు తిరగడం అడవి పని అయింది. తరతరాలుగా తేనె దించడం మాత్రం ఇంకా అనుమానించాల్సిన పనిగానే మిగిలింది.

"టూరిజం వస్తే మీకే కదా ఉపాధి?"

ఈ మాట మీలో చాలామంది అంటారు. మంచి మనసుతోనే అంటారు. కాబట్టి నిజాయితీగానే జవాబు చెప్తాం.

అవును, ఉపాధి కావాలి. జీపు నడిపే చెంచు యువకుడికి, గైడుగా పోయే పిల్లాడికి ఆ జీతం ఎంత అవసరమో మాకు తెలుసు. అడవిలో పులి అడుగులు గుర్తుపట్టే, నిప్పు ఆర్పే, రాత్రీపగలూ కాపలా తిరిగే వాచర్లలో చెంచులున్నారు. ఆ పనిని మేం తక్కువ చేయం. వాళ్ల జీతం నెలనెలా సరిగా రావాలనే అంటాం.

కానీ కూలి వేరు, హక్కు వేరు. తేనె దించడం చూశారా మీరు? కొండ చరియ అంచు నుంచి తాడు మీద ఒకడు వేలాడుతూ కిందికి దిగుతాడు. పైన తాడు పట్టుకునేది ఎవరో తెలుసా? బావమరిది. ఎవరికి పడితే వాళ్లకు ఆ తాడు ఇవ్వరు. తాడు జారితే తన తోబుట్టువే విధవ అవుతుంది కాబట్టి వాడు వదలడు. చెంచుల లెక్క అది. దిగేవాడి ప్రాణం మీద ఎవరికి బాధ్యత ఉందో వాళ్ల చేతిలోనే తాడు ఉండాలి.

ఇప్పుడు మన టూరు తాడు ఎవరి చేతిలో ఉంది? ధర ఎవరు పెడతారు? రోజుకు ఎన్ని బండ్లు పోవాలో ఎవరు తేలుస్తారు? జాతర రోజున మా దేవుడి దగ్గరికి బయటివాళ్లు రావద్దు అని గూడెం అంటే వినేది ఎవరు? లెక్కల పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? వీటిలో ఒక్కదానికీ గూడెం పేరు జవాబుగా రాకపోతే, అక్కడ చెంచులకు దొరికింది ఉద్యోగం మాత్రమే. రేపు వద్దంటే పోయే ఉద్యోగం.

గిరిజనుల చేతుల్లో టూరిజం నడవదా? నడుస్తుంది. ఛత్తీస్‌గఢ్ బస్తర్‌లో కాంగేర్ లోయ నేషనల్ పార్కు పక్కన ధుడ్‌మారస్ అనే చిన్న ఊరుంది. ఇళ్లలో అతిథులకు బస, నదిలో పడవలు, వంట, అన్నీ ఆ ఊరి ఆదివాసీలే నడుపుకుంటున్నారు. 2024లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల అభివృద్ధి కార్యక్రమానికి ఆ ఊరిని ఎంపిక చేసింది. బస్తర్‌లో ఐనది నల్లమలలో ఎందుకు కాదు? చెంచులకు చేతకాదా? పులి మధ్య పిల్లల్ని పెంచినవాళ్లకు పది గదులు నడపడం చేతకాదా?

"పులిని కాపాడొద్దా?"

కాపాడాలి. మనకంటే ముందు కాపాడింది ఎవరు? నల్లమలను అభయారణ్యంగా ప్రకటించింది 1978లో. ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చింది 1983లో. అప్పటికి అక్కడ పులి ఉందంటే, చెంచు దాని పక్కన బతకనిచ్చాడు కాబట్టే ఉంది.

పులి పేరు చెప్పి మనుషుల్ని కదిలించే మాట ఇప్పుడు గట్టిగా వినిపిస్తోంది. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు లేఖ రాసింది. దేశంలోని పులుల అడవుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 ఊళ్లు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, తరలింపును వేగంగా చేయాలని దాని సారాంశం. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. చట్టం ప్రకారం తరలింపు స్వచ్ఛందంగా జరగాలి, గ్రామసభ అన్నీ తెలిసి ఒప్పుకోవాలి, హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. లేఖల్లో వేగం కనిపిస్తుంది. ఆ షరతులు అంత పెద్దగా కనిపించవు.

అదే సంస్థ 2012 మార్గదర్శకాల్లో కోర్ ప్రాంతంలో 20 శాతం దాకా పర్యాటకుల్ని రానివ్వొచ్చని ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. పాలుట్లలో, నెక్కంటిలో పుట్టినోడు ఉంటే పులికి ఇబ్బంది. మనం జీపులో పోయి కెమెరా క్లిక్ చేస్తే ఇబ్బంది లేదు! కోర్ అడవి నుంచి మనిషిని పంపి పర్యాటకుణ్ణి తేవడం సంరక్షణ ఎట్లా అవుతుంది? పులి ఓటు వేయదు, ప్యాకేజీ అడగదు. అడిగితే మాత్రం జీపు హారన్ కంటే చెంచు పాటే నయం అంటుంది.

2019 గుర్తుందా? యురేనియం తవ్వకాలు వద్దని మీరంతా "సేవ్ నల్లమల" అని డీపీలు మార్చారు. సినిమావాళ్లు మాట్లాడారు. తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ రోజు మీరు మా పక్కన నిలబడ్డారు, మేం మర్చిపోలేదు. కానీ మిత్రులారా, అడవిని తవ్వేవాడి నుంచి కాపాడి, అడవి మనిషిని మాత్రం పోస్టరు మీద బొమ్మ చేస్తే, మీరు కాపాడింది నల్లమలను కాదు. మీ ఆదివారాన్ని.

కాబట్టి ఈసారి ఇట్లా ఎంచుకోండి

పోస్టరు మీద నంబరుకు ఫోన్ చేయండి. ఏసీ గురించి అడగండి, భోజనం గురించి అడగండి. ఆ తర్వాత ఇవీ అడగండి:

1. మీరు తీసుకుపోయే చోటుకు దగ్గరి గూడెం పేరేంది? (పేరే తెలియనివాడి బస్సు ఎక్కకండి.)

2. ఆ గూడెం గ్రామసభ ఒప్పుకుందా? తీర్మానం ఉందా?

3. నా టికెట్టులో గూడేనికి పోయేది ఎంత? ఎవరి ఖాతాలోకి? కూలి కాకుండా వాటా ఉందా?

4. గైడు స్థానిక చెంచేనా? ఆయన ఇక్కడ ఆపు, ఇక్కడ వద్దు అంటే బస్సు వింటుందా?

5. "గూడెం సందర్శన" ఉందా? ఉంటే అది తీసేస్తారా?

సూటిగా జవాబు వస్తే, ఆ బస్సు వంద ఎక్కువైనా ఎక్కండి. మా మాటగా చెప్తున్నాం, హాయిగా రండి. చెంచు గైడు పక్కన కూర్చోండి. ఆయన చెప్పే చెట్టు పేరు నేర్చుకోండి. ఫోటో కావాలంటే అడగండి, వద్దంటే దించేయండి. తేనె కొనాలనిపిస్తే బేరం ఆడకండి. ప్లాస్టిక్కు తెచ్చింది తెచ్చినట్టు ఇంటికి తీసుకుపోండి.

జవాబు రాకపోతే, "అవన్నీ మీకెందుకు సార్" అంటే, ఆ ఆదివారం అడవి లోపలికి పోకండి. పిల్లల్ని తీసుకుని కంభం చెరువు కట్ట మీద సాయంత్రం కూర్చోండి. అంత నీళ్లు, అంత ఆకాశం. లేదా భైరవకోన ఒక్కటే పెట్టుకుని రోజంతా నెమ్మదిగా చూడండి. ఎవరి ఇంట్లోకీ తొంగి చూడాల్సిన పని లేదు. ఒక్కరోజుకు ఒక్క చోటే చాలు.

ఐదుగురు అడిగితే టూరువాడు నవ్వుతాడు. యాభై మంది అడిగితే గూడేనికి పోయి పెద్దమనుషులతో కూర్చుంటాడు. ఐదొందల మంది అడిగితే పోస్టరు మారుతుంది. మీ చేతిలో ఉన్న టికెట్టు డబ్బుకు అంత బలం ఉంది. ఇన్నాళ్లూ దాన్ని సీటు బేరానికే వాడాం.

ఇంటికి చుట్టం వస్తే తలుపు తీయడం చెంచులకు మనం నేర్పాల్సిన పని లేదు. తలుపు తట్టడం మాత్రం మనం నేర్చుకోవాలి.

నల్లమల టూరిస్టు స్పాట్ కాదు. అది ఒక జాతి ఇల్లు.

గ్రామసభ మాటే చెల్లాలి!
చెంచులకు ఆవాస హక్కు పత్రాలు ఇవ్వాలి!
జల్, జంగల్, జమీన్ మావే!

(ఇది మీ ఊరి గ్రూపుల్లో పంచండి. ముఖ్యంగా టూరు పోస్టర్లు వచ్చే గ్రూపుల్లో.)